ఆ గడ్డ వేరు, ఈ గడ్డ వేరు

నా ఎడమ పిక్క ఇప్పుడు కుడి పిక్కతో సమానంగా ఉంది. ఇదీ ఒక వార్తేనా అని మీరు అనుకోవచ్చు. పోయిన వానాకాలమంతా మా ఇంట్లో ఈ పిక్క తప్ప వేరే మాట లేదు. దానివల్లే పోతానని ఒక మధ్యాహ్నం నేను గట్టిగా నమ్మాను కూడా. పోలేదు. ఇప్పట్లో పోనని డాక్టర్లు కూడా చెబుతున్నారు కాబట్టి, జరిగిందంతా తలుచుకుని నవ్వుకునే ధైర్యం వచ్చింది. ఆ ధైర్యం ఉండగానే రాసేయాలని కూర్చున్నాను.

మాది దెందులూరుకి దగ్గర్లో ఓ ఊరు. నేను ఏలూరులో ఓ ప్రైవేటు స్కూల్లో తెలుగు చెబుతాను. మా ఆయన ప్రభాకరంగారు కొల్లేరు వైపు చేపల చెరువులు చేస్తారు. నీటి రంగు చూసి చేపకి ఒంట్లో బాగాలేదని ముందే కనిపెట్టేస్తారు. నాకు బాగాలేదని తెలియాలంటే మాత్రం నేను నోరు తెరిచి చెప్పాలి, అదీ రెండుసార్లు.

నా కథలో మొదటి గడ్డ గర్భసంచిలో ఉండేది. దానికి తోడు ఇంకోటి కూడా ఉందని తర్వాత తెలిసింది. నెలలో సగం రోజులు రక్తం పోయేది, మిగతా సగం నీరసం. బోర్డు మీద పద్యం రాస్తూ రాస్తూ బల్ల పట్టుకుని నిలబడిపోయేదాన్ని. స్కానింగులో సంగతి తేలాక మా ఆయన సంఘంలో చెప్పారు. మేం క్రైస్తవులం. మా చర్చిలో ఎవరికి బాగాలేకపోయినా పేరు పెట్టి ప్రార్థన చేస్తారు. ఆ ప్రేమను నేనెప్పటికీ మరిచిపోలేను. కానీ పాస్టరుగారు మైకులో "రత్నకుమారిగారి గడ్డను కరిగించు తండ్రీ" అన్న ప్రతిసారీ పెద్దాచిన్నా అందరూ కళ్ళు తెరిచి నా పొట్ట వైపు చూసేవారు. ఆదివారం వస్తోందంటే ఏ చీర కట్టుకుంటే పొట్ట కనపడదా అని వెతుక్కునేదాన్ని. ప్రార్థనలు జరుగుతూనే ఉన్నాయి, గడ్డలు పెరుగుతూనే ఉన్నాయి. వేసవి సెలవుల్లో గర్భసంచి తీయించేసుకోమని డాక్టరమ్మ చెప్పింది.

ఆ డాక్టరమ్మది తాడేపల్లిగూడెం. నా పుట్టిల్లూ అదే కాబట్టి, మా వాళ్ళందరి కాన్పులూ ఆవిడ చేతిమీదే జరిగాయి కాబట్టి, ఏలూరు పక్కనే ఉన్నా మేం గూడెమే వెళ్ళాం. మే నెలాఖరు, రోహిణి కార్తె ఎండలు. ఆపరేషనుకు ముందురోజు ఆవిడ నా మంచం పక్కన కూర్చుంది. ఇలాంటి ఆపరేషన్లయ్యాక కొందరు ఆడవాళ్ళకి కాళ్ళలో రక్తం గడ్డకడుతుందట. ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ వాళ్ళు చూసుకుంటారు. ఇంటికి పోయాక ఎవరికి ఏమవుతోందో ఎవరికీ సరిగ్గా తెలియడం లేదట.

"అందుకని మేమో పరిశోధన చేస్తున్నామండీ. మీరు ఒప్పుకుంటే వారం వారం ఫోన్ చేసి కనుక్కుంటాం" అంది.

పరిశోధన అన్న మాట వినగానే మా ఆయన నిటారుగా కూర్చున్నారు. "చేయించుకుంటుందండీ" అన్నారు నా తరఫున. ఆ సాయంత్రం వరండాలో నిలబడి చెరువు మీద మనుషులకు ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, "మా ఆవిడ మీద పరిశోధన చేస్తన్నారు" అని చెప్పడం నాకు లోపలికి వినపడుతూనే ఉంది.

సంతకం పెట్టమని ఇచ్చిన కాగితాలు తెలుగులోనే ఉన్నాయి గానీ అది ఏ ఊరి తెలుగో అర్థం కాలేదు. "మీ యొక్క దిగువ అవయవముల యందు" అని ఉంది. కాళ్ళు అనడానికి ఏమొచ్చిందో! బ్యాగులో ఎర్ర పెన్ను ఉంది, చెయ్యి ఊరుకోలేదు. ఒత్తులూ దీర్ఘాలూ దిద్ది మరీ సంతకం పెట్టాను. "గడ్డ" అన్న మాట దగ్గర నాకే తప్పూ కనపడలేదు. చక్కటి తెలుగు మాట కదా అని మెచ్చుకున్నాను కూడా. ఫోన్ నంబరు అడిగితే మా ఆయన తన నంబరు చెప్పారు. నాకో ఫోనుందన్న సంగతి ఆయనకీ గుర్తు రాలేదు, నాకూ రాలేదు.

ఆపరేషను బాగా జరిగింది. మర్నాడే నర్సులు లేపి నడిపించారు. "నడవండమ్మా, నీళ్ళు బాగా తాగండి, ఈ మేజోళ్ళు విప్పకండి" అని చెప్పి ఇంటికి పంపారు. ఆ మేజోళ్ళు తొడ దాకా వస్తాయి, పట్టుకున్నాయంటే వదలవు. రక్తం కాళ్ళలో నిలవ ఉండకుండా అట. ఆ ఎండల్లో వాటిని తొడుక్కోవడం కంటే ఆపరేషనే నయమనిపించింది.

ఇల్లు చేరేసరికి మా వదినగారు గుమ్మంలో ఉన్నారు. మా ఆయనకి అక్క, పేరు మరియమ్మ. కామవరపుకోటలో పామాయిల్ తోట, గేదెలు, మనవలు అన్నీ వదిలేసి నా కోసం బస్సులో వచ్చేశారు. ఆవిడకి నలుగురు కూతుళ్ళు, అందరికీ పురుళ్ళు పోసిన మనిషి. నన్ను చూడగానే కళ్ళ నీళ్ళు పెట్టుకుని, "పచ్చి ఒళ్ళమ్మా, లెగిసావంటే ఊరుకోను" అన్నారు. ఆ క్షణం నుంచి నేను బిడ్డలేని బాలింతరాలిని.

చెవుల్లో దూది. నుదుటికి గుడ్డ. అన్నంలో పాత చింతకాయ పచ్చడి, వెల్లుల్లి కారం. పెరుగు లేదు. నీళ్ళు అడిగితే చిన్న గ్లాసుతో, అదీ వేడివి. "నీళ్ళు తాగితే పొట్ట జారుద్ది." మేజోళ్ళని చూసి, "ఎవరు తొడిగారే కాళ్ళకీ దిండు గలీబులు? గాలాడద్దా?" అని తీసి ఉతికి దండెం మీద ఆరేశారు. అవి అక్కడే ఉండిపోయాయి. నేను నడుస్తానంటే మంచానికి అడ్డంగా కూర్చునేవారు.

"డాక్టరమ్మ నడవమందండీ వదినగారూ."

"ఆవిడకేం, చెప్పుద్ది. కడుపులోంచి సంచీ తీసేసి నడవమంటే ఎలా నడుత్తావే తల్లీ? మా నలుగురు పిల్లల్నీ నేను నడిపించానా?"

నిజం చెప్పొద్దూ, నాకూ హాయిగానే ఉంది. పెళ్ళయినప్పటి నుంచీ ఎవరైనా నన్ను మంచం మీద కూర్చోబెట్టి అన్నం పెట్టడం ఇదే మొదలు. రెండు మూడుసార్లు గొడవపడి, తర్వాత ఊరుకున్నాను.

ఇక ఫోన్ సంగతి. పరిశోధన తరఫున స్వాతి అనే అమ్మాయి చేసేది. ఆ వేళకి మా ఆయన చెరువు గట్టు మీద ఉండేవారు. చెరువు నీళ్ళకి గాలి పట్టించే ఏరేటర్లు తిరుగుతుంటే పక్క మనిషి మాటే వినపడదు. ఆ అమ్మాయి చాలా మర్యాదగా, "సార్, మేడంగారికి కాల్లో గడ్డ లాంటిదేమైనా వచ్చిందా అండీ?" అని అడిగేదట. ఆ హోరులో ఈయనకి వినపడేది ఒకటే మాట.

"గడ్డా? తీసేశారమ్మా!" అని అరిచేవారు. "రెండూ తీసేశారు! మీ డాక్టరుగారే తీశారు!"

"అంటే ఇప్పుడు లేదండీ?"

"లేదమ్మా! నేను చూశాను కదా, డబ్బాలో పెట్టి చూపించారు!"

ఆ అమ్మాయి లేదని రాసుకునేది. సాయంత్రం ఈయన ఇంటికొచ్చి, "నీ పరిశోధన వాళ్ళు చేశారు, అంతా బాగుందని చెప్పాను" అనేవారు. నన్ను అడిగి చెప్పాలన్న ఆలోచన ఆయనకి లేదు. ఏమడిగారో కనుక్కోవాలన్న ఆలోచన నాకూ లేదు.

దీనికి తోడు ఆయన ఆదివారం సాక్ష్యం చెప్పేశారు. మా దగ్గర మేలు జరిగితే సంఘం ముందు నిలబడి చెప్పుకోవాలి. మా ఆయన మామూలుగా నాలుగు మాటలు మాట్లాడని మనిషి, ఆరోజు మైకు వదల్లేదట. "గడ్డ పోయిందండీ! ఇక మా ఇంట గడ్డ అన్న మాట లేదండీ!" అన్నారట. సంఘమంతా హల్లెలూయ అని, వచ్చి నా మంచం చుట్టూ కూర్చుని పాటలు పాడి, పులిహోర తిని వెళ్ళారు. పులిహోర నాకు పెట్టలేదు.

నేను స్కూలుకి సెలవు పెట్టి మంచం మీదే ఉండగా జూన్ గడిచి జూలై పడింది. ఎడమ పిక్క పట్టేసినట్టుగా ఉందని మొదటిసారి అనిపించింది అప్పుడే. పడుకుని పడుకుని పట్టేసిందనుకున్నాను. తర్వాత ఆ కాలు బరువెక్కింది. పట్టీలు పెట్టుకోబోతే కుడికాలికి వదులుగా ఉన్నది ఎడమకాలి చుట్టూ అందలేదు. వదినగారితో చెప్పాను.

"నీరు దిగింది" అన్నారు ఆవిడ. "ఆముదం కాచి పిక్క తోముతాను, పొద్దుటికల్లా తీసేసినట్టు ఉంటది."

తోమారు. ఆవిడ చేతిబలం చిన్నది కాదు. తీసేసినట్టు లేదు. పైగా గాలి గట్టిగా పీలిస్తే పక్కటెముకల దగ్గర కలుక్కుమనసాగింది. స్నానాల గదికి వెళ్ళొచ్చేసరికి ఆయాసం. మా ఆయనతో అన్నాను, "ఏవండీ, ఓసారి డాక్టరుకి చూపిద్దామా?" అని.

ఆయన తల గోక్కున్నారు. "సాక్ష్యం చెప్పేశాను కదా రత్నం. మళ్ళీ ఆసుపత్రంటే బాగోదేమో. ఓ నాల్రోజులు చూద్దాం."

నేను ఒప్పుకున్నాను. తల్చుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది, ఆయన మీద కంటే నా మీదే ఎక్కువ. బాగోదని ఎవరనుకుంటారో తెలియదు గానీ, అలా అనుకుంటారేమోనని మనం చచ్చిపోవడానికైనా సిద్ధపడతాం.

నన్ను కాపాడింది ముసురు. ఆరోజు పొద్దుటి నుంచీ వాన పట్టుకుని ఈయన చెరువు మీదకి వెళ్ళలేదు. మధ్యాహ్నం వదినగారు గోరువెచ్చటి ఆముదం గిన్నె పక్కన పెట్టుకుని నా కాలు ఒళ్ళోకి తీసుకున్నారు. ఈయన ఎదురుగా కుర్చీలో ఉన్నారు. ఫోన్ మోగింది. ఈయన ఏరేటర్ల అలవాటు కొద్దీ స్పీకరు పెట్టారు. మొదటిసారి నేను ఆ ప్రశ్న స్వయంగా విన్నాను.

"సార్, మేడంగారికి కాల్లో గడ్డ లాంటిదేమైనా..."

"తీసేశారమ్మా" అన్నారు ఈయన విసుగ్గా. "వారం వారం అడుగుతావు, వారం వారం చెబుతున్నాను."

కాల్లో అంది. పిల్లలకి విభక్తులు చెప్పీ చెప్పీ గొంతు పోగొట్టుకున్నదాన్ని, ఆ "లో" నా చెవిలో పడింది. నా గడ్డలు కాల్లో ఎప్పుడున్నాయి? ఫోను నాకివ్వమని చెయ్యి చాచాను.

"అమ్మా, గడ్డంటే చేతికి తగిలేదా?" అని అడిగాను.

"కాదండీ మేడం. లోపల రక్తం గడ్డకట్టడం. బయటికి కనపడదండీ. కాలు వాస్తుంది, పిక్క నొప్పి పుడుతుంది. అలాంటివేమైనా ఉన్నాయాండీ?"

"ఎడమకాలు వాచింది. నొప్పి కూడా ఉంది. తోమిస్తున్నాను."

అవతల ఆ పిల్ల గొంతు పూర్తిగా మారిపోయింది. "మేడం, ఆ కాలు ఎవరూ తోమకండి. చెయ్యి తీసేయమనండి. ఆయాసం గానీ ఉందా అండీ? ఉందా? అయితే గూడెం రావద్దండీ, దూరం. ఏలూరు వెళ్ళిపోండి. ఇప్పుడే వెళ్ళండి. నేను మా మేడంతో మాట్లాడి అక్కడికి ఫోన్ చేయిస్తాను."

వదినగారి చేతులు నా పిక్క మీద అలాగే ఆగిపోయాయి. కాలు కింద పెట్టడానికి కూడా భయపడి, కోడిగుడ్ల అట్ట పట్టుకున్నట్టు పట్టుకున్నారు.

ఆ వానలో కారు దొరకలేదు. చెరువులకి మేత తీసుకెళ్ళే ఆటో ఒకటి వీధిలో ఉంది. తవుడు బస్తాల మీద నన్ను పడుకోబెట్టి, పైన టార్పాలిన్ కప్పి తీసుకెళ్ళారు. హైవే ఎక్కేదాకా గోతులే. ప్రతి గోతికీ మా ఆయన డ్రైవరుని తిట్టారు, వదినగారు దేవుణ్ణి పిలిచారు. ఏలూరు ఆసుపత్రిలో దిగేసరికి నా జుట్టంతా తవుడు. వీల్‌చైర్ తోసే అతను కాస్త ముక్కు మూసుకున్నాడు.

స్కానింగు గది బయట జనం. కాలు పైకి పెట్టుకోమన్నారు గానీ పెట్టుకోవడానికి ఏమీ లేదు. ఉండి అనే ఊరి నుంచి వచ్చిన ఓ పెద్దావిడ తన చేతిసంచి తెచ్చి నా కాలికింద పెట్టింది. అందులో మామిడిపళ్ళున్నాయి, మెత్తగా తగులుతున్నాయి. "నలిగిపోతాయండీ" అన్నాను. "నలిగితే నలగనియ్యమ్మా, రసం తీసుకుంటాం" అంది. ఆవిడ పేరు అడగడం మర్చిపోయాను.

ఈలోగా మా ఆయన ఫోన్‌లో ఎవరితోనో, "గూడెంలో తీసిన గడ్డ సరిగ్గా తీయలేదండీ, ముక్క కాల్లోకి జారిపోయింది" అంటున్నారు. వరండాలో నలుగురు అది విని తలలు ఊపారు. ఒకాయన, జారితే అరికాలి దాకా వచ్చేస్తుందని, అక్కడ కోసి తీయడం సులువని ధైర్యం చెప్పాడు.

స్కానింగు చూసిన కుర్ర డాక్టరు బయటికొచ్చాడు. మా ఆయన ఎదురెళ్ళి, "జారిందాండీ?" అన్నారు.

"ఏది జారిందండీ?"

"గడ్డండీ. పొట్టలోది."

డాక్టరు పాపం ఓపికమంతుడు. "ఆ గడ్డ వేరండీ, ఈ గడ్డ వేరు. అది కండ. ఇది రక్తం. కదలకుండా పడుకుంటే కాలి నరాల్లో నిలవ ఉండి పేరుకుపోయింది. దాంట్లో చిన్న ముక్కలు కొన్ని ఊపిరితిత్తుల్లోకి వెళ్ళాయి, అందుకే ఆయాసం. పెద్ద ముక్క కదిలితే ప్రాణానికే ప్రమాదం. సమయానికి తీసుకొచ్చారు."

మా ఆయన గోడకి ఆనుకున్నారు. వదినగారు నా వైపు చూడలేదు. లేచి, కుళాయి దగ్గరికెళ్ళి చేతులు కడుక్కోవడం మొదలుపెట్టారు. ఆముదం జిడ్డు, వదలదు. మళ్ళీ మళ్ళీ కడుక్కుంటూనే ఉన్నారు.

ఆ మధ్యాహ్నమే నేను పోతాననుకున్నాను. పెద్ద ముక్క అన్న మాట విన్నాక కదలాలంటే భయం, దగ్గాలంటే భయం. గొప్ప గొప్ప విషయాలేవో తడతాయని అనుకునేదాన్ని. ఏమీ తట్టలేదు. తొమ్మిదో తరగతికి సంధులు ఎవరు చెబుతారో అనుకున్నాను. మా ఆయనకి పప్పు కుక్కర్‌లో ఎన్ని కూతలు రావాలో తెలియదే అనుకున్నాను. అప్పుడు ఏడుపొచ్చింది. ఏడిస్తే ముక్క కదులుతుందేమోనని అదీ ఆపుకున్నాను.

పొట్టకి ఇంజక్షన్లు, తర్వాత రక్తం పలచబడే మాత్రలు. కాస్త తేరుకున్నాక ఏం చేయాలో తోచక, గడ్డ అన్న మాట గురించే ఆలోచిస్తూ పడుకునేదాన్ని. పెరుగు గడ్డ, మంచుగడ్డ, హైదరాబాదు వాళ్ళకి ఉల్లిగడ్డ. పుట్టిన నేలా గడ్డే. పొట్టలో పెరిగినా గడ్డే, నరంలో పేరుకున్నా గడ్డే. మా ఆయన ఆ వారమంతా గీసుకోలేదు కాబట్టి ఎదురుగా గడ్డం కూడా ఉంది. ఇన్నేళ్ళు తెలుగు చెప్పి, ఆ ఒక్క మాట దగ్గర ఎర్ర పెన్ను ఆపలేకపోయాను.

నేను ఇంటికొచ్చాక మా ఆయన పాస్టరుగారి దగ్గరికెళ్ళి, "నా సాక్ష్యం అబద్ధమైపోయిందండీ" అని తల దించుకున్నారట. పాస్టరుగారు నవ్వి, "అది నిజమేనండీ. ఇప్పుడు రెండోది చెబుదురుగాని" అన్నారట. ఈయన చెప్పారు. ఈసారి చిన్నదిగా చెప్పారు. "ఆవిణ్ణి అడక్కుండా ఆవిడ ఒంటి సంగతి నేను చెప్పానండీ. అంతేనండీ" అని కూర్చుండిపోయారు. ఆ రోజు నేను చర్చిలోనే ఉన్నాను. పెళ్ళినాడు కూడా ఆయన మీద నాకంత ప్రేమ కలగలేదు.

ఆగస్టులో గూడెం వెళ్ళి డాక్టరమ్మని కలిశాం. స్వాతి ఎంత చిన్నపిల్లో అప్పుడు చూశాను. నన్ను చూడగానే లేచి, "మీరేనా అండీ, 'తీసేశారమ్మా' సార్ తాలూకు?" అంది. మా ఆయన కిటికీలోంచి బయటికి చూశారు. మిగతా ఆడవాళ్ళలో ఎంతమంది ఇలాగే "తీసేశారు" అని చెప్పి ఉంటారోనని వాళ్ళు పాత ఫోన్లన్నీ మళ్ళీ చేస్తున్నారట. ప్రశ్న కూడా మార్చేశారు. ఇప్పుడు గడ్డ ఊసే లేదు. ముందు ఫోన్ ఆవిడకే ఇవ్వమంటారు. రెండు కాళ్ళూ పక్కపక్కన పెట్టి చూసుకోమంటారు. ఒకటి లావుగా ఉందా, నొప్పిగా ఉందా, నడుస్తున్నారా అని అడుగుతారు. మీలో ఎవరికైనా ఇలాంటి ఆపరేషను అయ్యుంటే స్వాతి ఫోన్ కోసం ఆగకండి, మీ కాళ్ళు మీరే చూసుకోండి. బాగోదనుకోకండి.

వదినగారు మాత్రం నేను ఆసుపత్రి నుంచి రాగానే కామవరపుకోట వెళ్ళిపోయారు. తర్వాత ఫోన్ చేసినా గేదెల గురించి, వానల గురించి రెండు ముక్కలు చెప్పి పెట్టేసేవారు. నాకు ఆవిడ మీద కోపం లేదని ఎలా చెప్పాలో తెలిసేది కాదు. ఆ మాట ఎత్తితే ఆవిడకి ఇంకా కష్టంగా ఉంటుందేమోనని ఎత్తేదాన్ని కాదు.

దసరా సెలవుల్లో ఆవిడే చేశారు. గొంతు పాతపద్ధతిలో గట్టిగా ఉంది.

"ఇదిగో రత్నం, మా పక్కింటోళ్ళ కోడలికి నీకు చేసిన ఆపరేషనే చేశారు. అత్తగారు మంచం దిగనివ్వట్లేదు. నేను పొద్దుటా సాయంత్రం పోయి రెక్క పుచ్చుకుని లేపి వాకిట్లో నడిపిత్తన్నాను. నీళ్ళు నేనే తాగిత్తన్నాను. కాళ్ళు రెండూ చూత్తన్నాను. వాళ్ళత్త నిన్న నా మీద చీపురెత్తింది. గుమ్మం తొక్కద్దంది."

నాకు నవ్వాగలేదు. "మరి మానేశారా వదినగారూ?"

"ఎందుకు మానేత్తాను? ఇయ్యాల దొడ్డిదారిన ఎళ్ళాను."

"మీకెందుకండీ అంత గొడవ? వాళ్ళ డాక్టరు చెప్పుకుంటాడు కదా."

ఆవిడ అవతల గేదెనెవరినో అదిలించినట్టు గేదెని అదిలించారు.

"నీ కాలు తోమింది నేనే కదమ్మా" అన్నారు.

"సాయంత్రం కూడా వెళ్ళండి వదినగారూ" అన్నాను.